ఆరో తీగ, మూడో ఫ్రెట్: పాత సామానుతో గిటారు ఆంప్లిఫయర్ చేసుకున్న నా అనుభవం

నేను గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టింది ముప్పై రెండో ఏట. ఉండేది నెల్లూరులో. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల నుంచి సీసాల్లో వచ్చే నీటిని పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా కొలిచి రాసి పంపడం నా రోజువారీ పని. ఊరు మారుతున్న స్నేహితురాలు ఒకరు తన ఎలక్ట్రిక్ గిటారును కొద్దిపాటి డబ్బుకే నాకు ఇచ్చి వెళ్లింది. ఆంప్లిఫయర్ ఆమె దగ్గర కూడా లేదు.

ఎలక్ట్రిక్ గిటారు ఒళ్లంతా గట్టి చెక్క. మామూలు గిటారుకు ఉండే బోలు పెట్టె దీనికి లేదు కాబట్టి తీగ మీటితే దోమ పాడినంత శబ్దం వస్తుంది. తీగల కింద అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. దీన్నే పికప్ అంటారు. పైన ఉక్కు తీగ అదిరితే ఆ చుట్లలో విద్యుత్తు పుడుతుంది. మెల్లగా మీటితే అది వోల్టులో పదో వంతు కూడా ఉండదు. దాన్ని పెంచి స్పీకర్‌కు ఇస్తేనే పాట. ఏడాది పాటు నేను గిటారు కొమ్ముకు దవడ ఆనించి, ఎముక గుండా చెవికి చేరే శబ్దంతోనే సాధన చేశాను.

మా పెదనాన్న స్టోన్‌హౌస్‌పేటలో ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు, టేప్ రికార్డర్లు, తరవాత టీవీలు బాగుచేశారు. కొట్టు మూసేశాక సామానంతా కోవూరులోని ఇంటి వెనక గదిలోకి చేర్చారు. ఒక ఆదివారం ఆయన దగ్గరికి వెళ్లి, పాత ఆంప్లిఫయర్ ఏదైనా ఉంటే ఇవ్వమని అడిగాను. "బాగున్నది ఒక్కటీ లేదమ్మా. బాగుచేసుకోవడానికైతే గది నిండా ఉంది" అన్నారు. నాకు రాదంటే, "నా చేతులు వణుకుతున్నాయి, టంకం పట్టలేను. నువ్వు పడతావా?" అని అడిగారు. పడతానన్నాను.

ఆ గది గోడల మీద నేల నుంచి రెండడుగుల ఎత్తున మట్టి రంగు గీత ఒకటి ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లు ఆగిన ఎత్తు అది. ఆ వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. మా వాళ్ల ఇంట్లో బియ్యం, బట్టలు, కొట్టు సామాను తడిసిపోయాయి. పెదనాన్న పెట్టిన మొదటి నియమం ఆ గీతతోనే మొదలైంది. గీత కింద ఉన్న అరల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఏది కనిపించినా తాకకూడదు. బురదనీరు చుట్ల మధ్యకు చేరితే, పైకి ఎండినట్టే కనిపించినా లోపల ఇన్సులేషన్ చచ్చుబడి ఉంటుంది. 230 వోల్టుల వైపు నుంచి స్పీకర్ వైపుకు కరెంటు దారి చేసుకున్నా బయటికి తెలియదు. గీత పైనున్న సామాను మాత్రమే మనది. రెండో నియమం, పాత బొమ్మ గొట్టం టీవీలను విప్పకూడదు. ప్లగ్గు తీసి ఎన్నాళ్లయినా వాటి గొట్టంలో ప్రమాదకరమైన చార్జి మిగిలి ఉండవచ్చు.

పై అరలో ఒక వ్యానులోంచి తీసిన టేప్ డెక్ దొరికింది. మూత తీయగానే వెనక పక్క అల్యూమినియం రేకుకు మరలతో బిగించిన ఐసీ, అంటే సర్క్యూట్ అంతా ఒకే ముక్కలో ఇమిడిన చిప్, ఒకటి కనిపించింది. పద్నాలుగు కాళ్లు ఒకే వరసలో ఉన్నాయి. మీద సాన్యో గుర్తు, ఎల్ఏ 4440 అనే అక్షరాలు. పెదనాన్న దాన్ని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశారు. ఒకప్పుడు ఆటోలో, బస్సులో, పెళ్లి పందిట్లో పాట వినిపించిందంటే చాలావరకు దీని దయేనట. ఒకే ఐసీలో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి, ఒక్కొక్కటి 6 వాట్లు. రెండింటినీ కలిపి కడితే 19 వాట్ల దాకా వస్తుంది. మా గదికి ఒక్క వైపు చాలు.

ఇక కరెంటు సంగతి. పెదనాన్న దగ్గర మధ్య తీగకు రెండు వైపులా పన్నెండేసి వోల్టులు ఇచ్చే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మంచి బరువుతో ఉంది. పన్నెండు వోల్టులు అని రాసి ఉంటే పన్నెండే వస్తాయని నేను అనుకున్నాను. ఆయన కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు రెండు, దాన్ని నిల్వ చేసే కండెన్సర్ ఒకటి తగిలించి మీటర్ పెట్టి చూడమన్నారు. 18 దాటింది! ఏసీ వోల్టేజిని కొలిచే అంకె ఒక రకం సగటు. కండెన్సర్ మాత్రం అల శిఖరం దాకా నిండుతుంది. శిఖరం ఆ అంకెకు 1.414 రెట్లు. డయోడ్ దగ్గర 0.7 వోల్టు పోయినా 16 పైన ఉంటుంది. బరువేమీ తగిలించకుండా కొలిస్తే, అదీ రాత్రిపూట లైన్లో వోల్టేజి ఎక్కువగా ఉన్నప్పుడు, ఇంకా పైకి పోతుంది. ఈ ఐసీ పనిచేసేటప్పుడు తట్టుకునే గరిష్ఠం 18. అది బండి కోసం తయారైంది, దానికి ఇష్టమైన వోల్టేజి 13.2. ఇంజను నడిచేటప్పుడు బండి బ్యాటరీ దగ్గర ఉండేది కూడా దాదాపు అంతే, లేదా కొంచెం ఎక్కువ. అందుకని ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్కన పెట్టి, పాత స్టీరియోలోంచి 9-0-9 తీసుకున్నాం. 9ని 1.414తో గుణించి 0.7 తీసేస్తే 12. మీటర్ 12.9 చూపించింది. కాగితం మీద వేసిన లెక్క మీటర్ ముల్లు దగ్గరికి వచ్చి కలవడం నాకు ల్యాబ్‌లో రోజూ ఉండే అనుభవమే. ఇక్కడ మాత్రం ఒళ్లు పులకరించింది, ఎందుకంటే ఈసారి లెక్క నాకోసం వేసుకున్నది.

టంకం పట్టడం నేర్చుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. సీసాన్ని ఐరన్ మొన మీద కరిగించి అంటించడం కాదు, కాలునూ రాగినీ కలిపి వేడిచేసి, ఆ వేడికే సీసం కరిగి పారేలా చేయాలి. బాగా పట్టిన టంకం నున్నగా మెరుస్తుంది. బూడిద రంగులో ముద్దలా నిలబడితే అది పట్టనట్టే. పాడైపోయిన బోర్డు ఒకటి ఇచ్చి, అందులోని యాభై కాళ్లు విప్పి మళ్లీ అతికించమన్నారు. ఐసీని డెక్ లోంచి విప్పినప్పుడు కాళ్ల మధ్య రాగి పట్టీలు లేవకుండా సీసం పీల్చే పంపుతో ఒక్కో కాలునూ విడిపించాను. పద్నాలుగు కాళ్లకు గంటన్నర పట్టింది.

స్పీకర్ వెతకడంలో తేమ మాతో ఆడుకుంది. మైపాడు సముద్రం నుంచి వచ్చే ఉప్పు గాలికి, మా వానాకాలానికి స్పీకర్ అంచున ఉండే స్పాంజి చుట్టు పొడి పొడి అయిపోతుంది. నాలుగు వూఫర్లు పైకి చక్కగా కనిపించాయి, వేలితో తాకితే అంచు రాలిపోయింది. చివరికి గుడ్డ అంచు ఉన్న ఎనిమిది అంగుళాల స్పీకర్ దొరికింది. 1.5 వోల్టుల టార్చి సెల్లు తాకించగానే కోన్ టప్పుమని ముందుకు వచ్చింది. మీటర్‌తో కొలిస్తే 3.4 ఓమ్‌లు. అంటే 4 ఓమ్‌ల స్పీకర్. డీసీలో కొలిచినప్పుడు చెప్పిన దానికన్నా కొంచెం తక్కువే చూపిస్తుంది.

ఈ మధ్యలో ఒక జాగ్రత్త కోసం, అసలు ఐసీ పాడైతే ఉంటుందని, బజారులో అదే నంబరుతో కొత్తది ఒకటి కొన్నాను. అక్షరాలు కూడా అలాగే అచ్చువేసి ఉన్నాయి. ముందుగా దాన్నే పెట్టి చూశాం. పావుగంటలో చేయి పెట్టలేనంత వేడెక్కింది, శబ్దం చీలిపోయింది. డెక్ లోంచి తీసిన పాతదాన్ని అదే రేకు మీద, వేడిని రేకుకు చేర్చే అదే పేస్ట్ రాసి బిగిస్తే గంట సేపైనా గోరువెచ్చగానే ఉంది. పాత సామాను అంటే చౌక అని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఈ ఐసీ విషయంలో పాతదే అసలు సరుకు.

ఈ ఐసీలను పరీక్షించక ముందే, మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు పెదనాన్న తన సిరీస్ బోర్డు తీయించారు. చెక్క మీద ఒక బల్బు హోల్డరు, ఒక సాకెట్టు, అంతే. కరెంటు 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు గుండా మన వస్తువుకు వెళుతుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, మన వస్తువు బతికిపోతుంది. లేకపోతే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. మాది మెరిసి మసకబారింది. ఎలక్ట్రానిక్స్‌లో కొత్తగా అడుగుపెట్టేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఈ బోర్డు గురించే. ఖర్చు కూడా తక్కువే.

మూడో పిన్ను గురించి కూడా చెప్పాలి. మా ఇంట్లో సాకెట్లకు మూడు రంధ్రాలూ ఉన్నాయి, ఎర్త్ తీగ మాత్రం గోడలోనే ఆగిపోయింది. గిటారు తీగలు లోపల ఆంప్లిఫయర్ గ్రౌండుకు, అంటే సర్క్యూట్ అంతటికీ ఉమ్మడిగా ఉండే సున్నా వోల్టుల తీగకు, కలిసి ఉంటాయి. అంటే వాయించే మనిషి రెండు చేతులూ ఎప్పుడూ ఆ లోహాన్ని పట్టుకునే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడైనా దెబ్బతింటే కరెంటు వచ్చేది ఆ చేతుల్లోకే. ఎర్త్ లేకుండా ఒక్క స్వరం కూడా వాయించనివ్వనని పెదనాన్న కచ్చితంగా అన్నారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పెరట్లో గుంట తవ్వించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పైపు దింపించి, తీగను సాకెట్ దాకా లాగించాం. మొత్తం పనిలో ఎక్కువ డబ్బు అయింది దీనికే. దాన్ని దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

గిటారు తగిలించి మొదటి తీగ మీటాను. శబ్దం వచ్చింది, కానీ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంది. పై స్వరాల మెరుపంతా పోయింది. కారణం తెలుసుకోవడానికి వారం పట్టింది. గిటారు పికప్‌లో రాగి చుట్లు వేలల్లో ఉంటాయి కాబట్టి అది ఇచ్చే విద్యుత్తుకు బలం తక్కువ. ఎదురుగా ఉన్న సర్క్యూట్ ఎక్కువ కరెంటు లాగితే ముందుగా పోయేవి పై స్వరాలే. గిటారుకు ఎదురు సుమారు పది లక్షల ఓమ్‌ల నిరోధం కావాలి. మా ఐసీ లోపలి ద్వారం దగ్గర ఉన్నది పదుల వేలల్లోనే. టేప్ హెడ్ (క్యాసెట్ టేపును చదివే భాగం) నుంచి వచ్చే దారి వేరు, మధ్యలో వేరే మెట్లు ఉంటాయి. గిటారును నేరుగా తెచ్చి ఇక్కడ గుచ్చడం ఆ ఐసీ ఊహించిన పని కాదు.

మధ్యలో ఒక కాపలా మెట్టు కావాలి. పాలిటెక్నిక్ చదివే మా బాబాయి కొడుకు దగ్గర బీఎఫ్‌డబ్ల్యూ 10 అనే ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) ఉంది. ల్యాబ్ ప్రయోగాలకు కొనుక్కున్నదట. చిన్న లోహపు టోపీలా ఉంటుంది, నాలుగు కాళ్లు. మూడింటి పేర్లు గేట్, సోర్స్, డ్రెయిన్. నాలుగోది టోపీకే కలిసి ఉంటుంది, దాన్ని గ్రౌండుకు కట్టాలి. గిటారు వచ్చి చేరేది గేట్‌కు. గేట్ నుంచి గ్రౌండుకు గోధుమ, నలుపు, ఆకుపచ్చ చారలున్న రెసిస్టర్, అంటే పది లక్షల ఓమ్‌లు. సోర్స్ నుంచి గ్రౌండుకు 4.7 కిలో ఓమ్‌లు. డ్రెయిన్‌కు సప్లై. సోర్స్ దగ్గరి నుంచి చిన్న కండెన్సర్ గుండా వాల్యూమ్‌కు, అక్కడి నుంచి ఐసీకి. ఇది శబ్దాన్ని పెంచదు. పెంచడానికి ఐసీ ఒక్కటే మూడు వందల రెట్లకు పైగా చూసుకుంటుంది. ఫెట్ చేసేదల్లా గిటారు మీద బరువు పడకుండా మోయడమే. ఆ సాయంత్రం మొదటి తీగ గాజు గిన్నె మీద చెంచా తగిలినట్టు మోగింది. పక్కింటి అమ్మమ్మ గోడ మీంచి తొంగి చూసి, "ఇన్నాళ్లూ నువ్వు వాయిస్తున్నది ఇదేనా?" అని అడిగింది.

కానీ దుప్పటి తీసేసరికి దాని కింద దాక్కున్న హమ్మింగ్ బయటపడింది. నిజానికి ఈ అనుభవం రాయాలనిపించింది దాని గురించే.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా గుయ్యిమని మోగుతూనే ఉంది. పెదనాన్నకు ఇప్పుడు చెవులు మందగించాయి. పెట్టెకు దగ్గరగా కూర్చున్నా ఆయనకు సరిగా అందలేదు. "ఎలా ఉందో చెప్పు, సన్నగానా, లావుగానా?" అని అడుగుతారు. గుయ్యిమని ఉంది అంటే ఆయనకు ఉపయోగం లేదు. అప్పుడు గిటారు ఒళ్లోకి తీసుకుని ఆ శబ్దానికి జోడీ వెతికాను. అన్నింటికన్నా లావైన ఆరో తీగ మూడో ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర దాదాపు కలిసింది. పూర్తిగా కలవలేదు. రెండూ కలిసి మోగుతుంటే సెకనుకు సుమారు రెండుసార్లు శబ్దం లేచి పడుతోంది. శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కొద్దిగా తేడాగా ఉంటే వినిపించే అల ఇదే. మూడో ఫ్రెట్ స్వరం సెకనుకు 98 కంపనాలు. రెండు తేడా అంటే హమ్మింగ్ 100.

"ఆరో తీగ మూడో ఫ్రెట్, కొంచెం పైన. వంద ఉంటుంది పెదనాన్నా" అన్నాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "వందా? యాభయ్యా? సరిగ్గా చెప్పు." వందే అన్నాను. "అయితే ఫిల్టర్ కండెన్సర్ పోయింది. దాన్ని విప్పు."

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. డయోడ్లు ఆ ఊపులో కింది సగాన్ని కూడా పైకి తిప్పేస్తాయి కాబట్టి వాటి తరవాత మిగిలే అల సెకనుకు 100. అది వినిపిస్తుంటే, డయోడ్ల తరవాత ఆ అలను చదును చేయాల్సిన కండెన్సర్ తన పని చేయడం లేదని అర్థం. వాల్యూమ్ తగ్గించినా తగ్గకపోవడం కూడా అదే చెబుతోంది, తప్పు వాల్యూమ్‌కు ముందు లేదు. విప్పి కొలిస్తే, ఒంటి మీద 2200 మైక్రోఫారడ్ అని రాసి ఉన్న ఆ కండెన్సర్ 340 చూపించింది. ఏళ్ల తరబడి వేడికి లోపలి ద్రవం ఆరిపోయింది. ఉబ్బలేదు, కారలేదు, చూడటానికి కొత్తదానిలా ఉంది. చూపుతో పాస్ చేసింది నేనే. ఆ రోజు నుంచి పాత కండెన్సర్ దేన్నీ కొలవకుండా బోర్డులో పెట్టలేదు. ఈ ఒక్కటి కొత్తది కొన్నాం, 4700 మైక్రోఫారడ్, 25 వోల్టులది. వంద కంపనాల మోత ఆగిపోయింది.

నిశ్శబ్దంలో ఇంకొకటి మిగిలింది. ఇది వాల్యూమ్ పెంచితే పెరుగుతోంది. చెవికన్నా ముందు చేతికి తెలిసింది, కోన్ మీద వేలు ఆనిస్తే వణుకు. దీనికి జోడీ నా గిటారులో లేదు. గిటారులో అన్నింటికన్నా కింది స్వరం 82 కంపనాలు. మూడో ఫ్రెట్ స్వరానికి సరిగ్గా కింది స్థాయిలో, మంద్రంలో ఉన్నట్టుంది. "ఇప్పుడు యాభై" అన్నాను. పెదనాన్న నవ్వి, "ఇప్పుడు తీగలు చూసుకో" అన్నారు.

యాభై అంటే డయోడ్లకు ముందున్న కరెంటే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, గోడలోని వైర్ల నుంచి గాలిలోనే మన తీగల మీద వాలుతోంది. జాక్ నుంచి ఫెట్ దాకా నేను వేసినది మామూలు సన్న తీగ, అదీ ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా. టేప్ డెక్ హెడ్‌కు వచ్చే తీగ చుట్టూ అల్లిన రాగి తొడుగు ఉంటుంది. హెడ్ ఇచ్చే శబ్దం ఇంకా బలహీనం కాబట్టి దానికి ఆ కవచం అవసరం. డెక్ లోంచి దాన్నే జాగ్రత్తగా ఊడదీసి ఇక్కడ వాడాను. తొడుగును ఒక్క కొస దగ్గరే గ్రౌండుకు కట్టాను. వాల్యూమ్ కంట్రోల్ లోహపు ఒంటికి కూడా ఒక తీగ. ఆపైన, బోర్డు మీద ఎక్కడ పడితే అక్కడ గ్రౌండుకు తగిలించిన తీగలన్నీ విప్పి, కొత్త కండెన్సర్ నెగటివ్ కాలు దగ్గర ఒకే చోట కలిపాను. వేర్వేరు చోట్ల కడితే స్పీకర్‌కు పోయే పెద్ద కరెంటు, గిటారు నుంచి వచ్చే చిన్న శబ్దం ఒకే దారిలో నడుస్తాయి, పెద్దది చిన్నదాన్ని కదిలిస్తుంది. నాలుగు సాయంత్రాల పని. ఒక్కో తీగ మార్చినప్పుడల్లా వేలు కోన్ మీద పెట్టి చూసేదాన్ని. వణుకు కొద్దికొద్దిగా తగ్గి, చివరికి గిటారు వైపు నుంచి వచ్చేది మాత్రం మిగిలింది. నా పికప్‌లు ఒకే చుట్ట ఉన్న రకం (సింగిల్ కాయిల్), ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురుగా కూర్చుంటే అవి నేరుగానే అందుకుంటాయి. పెట్టెకు పక్కగా తిరిగి కూర్చుంటే దాదాపు మాయం. నేను ఇప్పుడు అలాగే కూర్చుంటాను.

పెట్టె సంగతి తొందరగా చెప్పేస్తాను. పాత టీవీ స్టాండు ప్లైవుడ్, వెనక సగం తెరిచి, ట్రాన్స్‌ఫార్మర్ ఒక మూల, గిటారు జాక్ ఎదురు మూల. సంతపేటలో వడ్రంగి రంధ్రం గుండ్రంగా కోసి ఇచ్చాడు. ముందు గుడ్డ అమ్మ పాత చీర అంచు.

డిసెంబరులో క్రిస్మస్ పాటల సాధనకు ఆ పెట్టెను స్కూటీ ముందు పెట్టుకుని చర్చికి తీసుకువెళ్లాను. హాలుకు 6 వాట్లు సరిపోతాయా అని భయపడ్డాను. ముప్పై మంది పాడుతుంటే గిటారు గొంతు వాళ్ల మధ్య నుంచి స్పష్టంగా వినిపించింది. పెదనాన్న కూడా వచ్చారు. ముందు వరసలో కాకుండా పెట్టె పక్కన కుర్చీ వేయించుకుని, అరచేయి దాని మీద పెట్టి కూర్చున్నారు. మూడో పాట మధ్యలో చేయి తీసి నావైపు చూశారు. పాట అయ్యాక అడిగితే, "వెనక చెక్కకు ఒక మర వదులుగా ఉంది. లావు స్వరానికి అదురుతోంది" అన్నారు.

ఇంటికి వచ్చి బిగించాను. ఐసీలో రెండో వైపు ఇంకా ఖాళీగా ఉంది. పాలిటెక్నిక్ తమ్ముడు దానికి తన కీబోర్డు కట్టుకుంటానంటున్నాడు. కోవూరు గదిలో గీత పై అరల్లో ఇంకా తెరవని డెక్కులు రెండు ఉన్నాయి.